పదిచోట్ల గాదె – చేతికందు పోపులపెట్టె



గాదెలో ధాన్యమున్నంత మాత్రమున ఆకలి తీరదు. గాదెలోనిది చాటలోనికి, చాటలోనిది కుండలోనికి రావలెను. అట్లే కుండలో అన్నమున్నంత మాత్రమున సంవత్సరము గడవదు. దాని వెనుక గాదె నిండియుండవలెను. దూరపు నిలువ యొకటి, చేరువ నిలువ యొకటి, ఈ రెండింటి పొందికయే సంసారము. నేడు నేను ప్రసంగింప దలచినది ధాన్యమును గూర్చి కాదు. గ్రంథములను, దస్తావేజులను, గ్రామచరిత్రకు ఆధారములగు కాగితములను గూర్చి. కంప్యూటరు యుగమున వానిని ఎచ్చట దాచవలెను? దాచినదానిని ఎట్లు చేతికి తెచ్చుకొనవలెను? “దాచితిమి” అను మాటను ఎప్పుడు నోట పలుకవచ్చును? ఈ మూడు ప్రశ్నలకు నాకు తోచిన సమాధానములను మనవి చేయుదును. నా వృత్తి కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయుట. నా యూరు నడిగూడెము.

నడిగూడెము నేడు సూర్యాపేట జిల్లాలోని మండల కేంద్రము. పూర్వము మునగాల పరగణా జమీందారుల కోట ఈ యూరనే వెలసినది. చుట్టును నైజాము రాజ్యము వ్యాపించియుండగా, నడుమ ద్వీపమువలె ఈ పరగణా కృష్ణాజిల్లాలో జేరి మద్రాసు ప్రభుత్వపు పాలనలో నుండెను. ఆ కోటకు ప్రభువగు రాజా నాయని వెంకట రంగారావుగారును, వారి దివానగు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారును తెలుగు భాషకు చేసిన సేవ పెద్దలగు మీకు క్రొత్త కాదు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలయుటలోను, 1906లో విజ్ఞానచంద్రికా మండలి పుట్టుటలోను వీరి చేయి గలదు. లక్ష్మణరావుగారు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమునకు పూనుకొని, అది సంపూర్ణము గాకమునుపే 1923లో గతించిరి. ఆ మండలివారి గ్రంథములు నేటికిని అక్కడక్కడ కనబడుచున్నవన్న, ఏదో యొక బీరువా వానిని కాపాడినందున గాదు. అవి అచ్చై యూరూరి యిండ్లకు చేరినందున. ఒక యింట చెదలు తినిన ప్రతి మఱియొక యింట మిగిలినది. ఈ మాటను గుర్తుంచుకొనుడు. నా ప్రసంగమునకు ఇదియే పునాది.

అచ్చైన గ్రంథమునకు ఆ భాగ్యము గలదు. చేవ్రాత కాగితమునకు లేదు. మా ప్రాంతమున అటకమీది ట్రంకుపెట్టెలలో క్రయ దస్తావేజులు, ఈనాము పత్రములు, చిట్టా ఆవర్జాలు, తాటాకు పొత్తములు, చివరి పుటలు జాఱిపోయిన మాసపత్రికలు, పూర్వుల యుత్తరములు గలవు. ఇవి లోకమున ఒక్కొక్క ప్రతియే. వానికి చెదలు ఒక శత్రువు, చెమ్మ ఒక శత్రువు, “ఈ చెత్త యెందులకు?” అను చిన్నవారి మాట మూడవ శత్రువు. నీరు నాలుగవది. 1908 సెప్టెంబరులో మూసీనది హైదరాబాదును ముంచెత్తిన సంగతి మీరు వినియుందురు. అంత దూరమేల? 2024 సెప్టెంబరు మొదట కురిసిన పెనువానలకు మా మండలములోనే కాగిత రామచంద్రాపురము వద్ద సాగరు ఎడమకాలువకు గండి పడినది. ఏ యటకయు నీటికి అందదని యెవ్వరు ప్రమాణము చేయగలరు?

ఈ భయముచేత మేము కొందఱము ఇంటింటికి పోయి, యజమానుల అనుమతితో ఆ కాగితములకు ఫొటోలు తీయుట మొదలుపెట్టితిమి. కాగితము యజమాని యింటనే యుండును; దాని రూపము మాత్రము కంప్యూటరున కెక్కును. ఫొటో తీయుట సులభమైన పని. తీసినదానిని నిలుపుటయే కష్టము.

ఇక మొదటి ప్రశ్న: ఎచ్చట దాచవలెను? మా యూరి యంత్రములోనే యుంచిన, అటక భయమే తిరిగి వచ్చును. పిడుగుపడి యంత్రము కాలిన అంతయు పోవును. పెద్ద వ్యాపార సంస్థ యొకదాని యొద్ద ఉంచవచ్చును. దీనినే క్లౌడు, అనగా మేఘము, అనుచున్నారు. పేరు మేఘమే గాని అది ఆకాశమున లేదు. ఎవరిదో భూమిపై, ఎవరిదో కరెంటుతో తిరుగు యంత్రసమూహమే అది. అచ్చట జాగ్రత్త యధికమే, సందేహము లేదు. కాని తాళము వారిది, నియమము వారిది, ఎప్పుడు మూయవలెనో నిర్ణయించువారును వారే.

ఒకే చోటును నమ్ముకొనిన నేమగునో మన తెలుగువారి యనుభవమే చెప్పగలదు. చిత్తూరు జిల్లా కాటూరున 1937లో జన్మించి, 1994లో ట్యూరింగు బహుమానము పొందిన రాజ్ రెడ్డిగారు పది లక్షల గ్రంథములను కంప్యూటరు కెక్కించు మహా పథకమును నడపిరి. ఆ కృషితో ముడిపడి భారత డిజిటల్ గ్రంథాలయము వెలసినది. వేలకొలది తెలుగు గ్రంథములు దానిలో చేరినవి. 2017 ప్రాంతమున ఇంటర్నెట్టుపై ఆ గ్రంథాలయపు ద్వారములు మూతపడినవి. అయినను ఆ పొత్తములలో ననేకము నేటికిని మనము చదువగలుగుచున్నాము. ఏలయన, వాని ప్రతులు అమెరికాలోని ఇంటర్నెట్ ఆర్కైవు అను మఱియొక గ్రంథాలయమునకు చేరియుండెను. ఒక ద్వారము మూసిన మఱియొక ద్వారము తెఱచియుండుట దైవికము కారాదు. అది ముందే యేర్పఱచుకొనవలసిన కట్టుబాటు.

ఆ కట్టుబాటునకే వికేంద్రీకృత నిలువ అని పేరు. కేంద్రమొకటి లేకుండ, ఒకరికొకరు లోబడని పలువురి యంత్రములలో మన వస్తువును పంచి యుంచుట యని యర్థము. తాహో అను ప్రోగ్రాము 2007 నుండియు, సియా అను వ్యవస్థ 2015 నుండియు ఈ పద్ధతిని నడుపుచున్నవి. మేము తాహో మార్గమును అనుసరించితిమి. మా పది చోట్లు ఇవి: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, ఖమ్మము, హైదరాబాదు, బెజవాడ, బెంగుళూరు, వీనితోడ డల్లాసు, లండను, మెల్బోర్ను నగరములలోని మా యూరి బిడ్డల యిండ్లు మూడు. పాలేటి నీరు బెజవాడను ముంచిన ముంచవచ్చును గాని, మెల్బోర్నును ముంచదు.

ఇందులో నొక విశేషము గలదు. పది చోట్లను పది పూర్తి ప్రతులుంచుట లేదు. అట్లుంచిన ఖర్చు పదింతలగును. గణితశాస్త్ర సహాయమున ఒక్కొక్క ఫైలును పది ముక్కలు చేయుదుము. ఏ మూడు ముక్కలు దొరకినను పూర్తి ఫైలు తిరిగి వచ్చును. ఇదెట్లు సాధ్యమందురా? చిన్న లెక్క చెప్పెదను. నా యొద్ద 5, 7 అను రెండు అంకెలున్నవి. ఒకటి రామయ్య కిచ్చితిని, రెండవది సోమయ్య కిచ్చితిని, వాని మొత్తమగు 12ను భీమయ్య కిచ్చితిని. ఈ మువ్వురిలో ఎవరొకరు ఊరు విడిచి పోయినను, మిగిలిన యిద్దఱినుండి నా రెండు అంకెలను రాబట్టగలను. 12లో 5 తీసిన 7. 7 తీసిన 5. ఈ లెక్కకే మహా విస్తరణమును 1960లో రీడు, సోలొమను అను ఇరువురు గణితవేత్తలు కనుగొనిరి.

దీనివలన లాభమెంత? ఒక్కొక్క యంత్రము పదింట ఒకసారి పని చేయకుండుననుకొందము. మూడు చోట్ల మూడు పూర్తి ప్రతులుంచినచో, మూడును ఒకేసారి అందకపోవు అవకాశము 1000లో ఒకటి. అంతకంటె కొంచెము మాత్రమే యధికమగు స్థలముతో, పది ముక్కలలో ఏ మూడైన చాలునను పద్ధతి నవలంబించినచో, ఆ యవకాశము సుమారు 27 లక్షలలో ఒకటికి తగ్గును. ఇది ఒక చోటి యాపద మఱియొక చోటికి సంబంధింపనప్పుడే నిజము. పది యంత్రములను ఒకే వీథిలో నుంచి ఈ లెక్కను నమ్మువాడు గణితమును దూషింపరాదు.

ఈ సంగతి వివరించుచుండగా మా యూరి పెద్దలలో నొకరు, తమ కాగితములను మాకు చూపినవారు, నన్ను ఆపి యడిగిరి: “నాయనా! మా తాతగారు కొన్న భూమి కాగితములను ఎవరో ఎఱుగనివాని యింట బెట్టుమందువా?”

ఆ ప్రశ్న న్యాయమైనది. “తాతగారూ! ఆ యింటికి పోవునది మీ కాగితము కాదు. దానికి తాళమువేసి, ముక్కలు చేసిన పిమ్మట వచ్చు అంకెల పొడి. ఆ యింటివాడు దానిని ఎంత త్రిప్పి చూచినను మీ తాతగారి పేరుగాని, సర్వే నంబరుగాని కనబడదు. తాళపుచెవి ఊరు దాటదు” అంటిని. ఆయన సంతోషింపలేదు గాని, కాగితములను మాత్రము వెనుకకు తీసికొనలేదు. తరువాత మఱియొక ప్రశ్న యడిగిరి. దానిని చివర చెప్పెదను.

ఇక రెండవ ప్రశ్న: దాచినదానిని ఎట్లు చేతికి తెచ్చుకొనవలెను? పది యూళ్లలో చెదరియున్న ముక్కలను ఏఱి, కూర్చి, తాళము తీసి చూపుమన్న, చదువరి విసిగిపోవును. చదువరికి కావలసినది మామూలు ఫోల్డరు. “దస్తావేజులు” అని యొకటి, “పత్రికలు” అని యొకటి, “తాటాకులు” అని యొకటి; దానిపై నొక్కిన తెఱచుకొనవలెను, అంతే. కంప్యూటరులో ఈ ఫోల్డరులను, ఫైళ్లను వరుసగా చూపు ఏర్పాటును ఫైల్ సిస్టమ్ అందురు. లినక్సు అను వ్యవస్థలో, సామాన్యుడు వ్రాసిన ప్రోగ్రామే తానొక ఫైల్ సిస్టమునని నిలిచి జవాబు చెప్పుటకు వీలు కల్పించు ఫ్యూజ్ అను సాధనము 2005లో చేరినది. దానిని ఆధారముగా గొని, ముందు ఫోల్డరువలె కనబడుచు, వెనుక పది యూళ్లతో మాటలాడు ప్రోగ్రామును నేను వ్రాయుచున్నాను.

కాని వచ్చిన చిక్కు వేగము. కంప్యూటరు ఒక ఫైలును చదువునపుడు దానిని చిన్న చిన్న పిడికిళ్లుగా, 4 కిలోబైట్ల చొప్పున, అడుగుటకు అలవాటు పడినది. చెంతనున్న డిస్కును అడుగుటకు అది బాగున్నది. 10 మెగాబైట్ల పొత్తమొకటి యున్నదనుకొందము. దానికి 2560 పిడికిళ్లు. ఒక్కొక్క పిడికిలికై ఇంటర్నెట్టుపై పోయి వచ్చుటకు పావు సెకను పట్టిన, ఒక పొత్తము తెఱచుటకు పది నిమిషములు దాటును. పప్పులోనికి ఒక్కొక్క ఆవగింజ కొఱకు కోదాడ అంగడికి పోయి వచ్చినట్లుండును.

మన గృహిణులు ఈ చిక్కును ఏనాడో తీర్చిరి. అంగడి సరకు ఇంటి డబ్బాలకు వచ్చును. డబ్బాలలోనిది కొంచెము పోపులపెట్టెకు వచ్చును. చేతికందు దూరమున ఆవాలు, జీలకఱ్ఱ, మెంతులు, ఎండుమిర్చి. కంప్యూటరువారు ఈ పోపులపెట్టెనే క్యాషు అందురు. నా ప్రోగ్రాము 4 కిలోబైట్లు అడిగినప్పుడు 4 మెగాబైట్ల దిమ్మెను ఒకేసారి తెచ్చి యూరి యంత్రములోని డిస్కుపై నుంచును. 2560 ప్రయాణములు మూడు ప్రయాణములగును. రెండవమారు అదే పుట అడిగినవానికి ప్రయాణమే లేదు. ఇంటర్నెట్టు లేని దినమున గూడ చదివిన పొత్తము తెఱచుకొనును.

ఈ యుపాయము నేను కనిపెట్టినది కాదు. రాజ్ రెడ్డిగారు ఆచార్యులుగా నున్న పిట్స్‌బర్గు నగరపు కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయముననే 1980 తరువాతి సంవత్సరములలో ఆండ్రూ అను ఫైల్ సిస్టమును నిర్మించిరి. దానిలో ఫైలును తెఱచినపుడు అది చదువరి యంత్రమునకు దిగివచ్చును. మూసినపుడు మార్పు తిరిగి పోవును. దాని సంతతియగు కోడా, తీగ తెగిన సమయమున గూడ పని సాగవలెనను సంకల్పముతో పుట్టినది. తీగ తెగుట మన పల్లెలకు నిత్యకృత్యము గనుక, కోడావారి పాఠము మనకు మిక్కిలి పనికివచ్చును. ఏ పొత్తములు ఎల్లప్పుడును చెంతనుండవలెనో ముందే జాబితా వ్రాసికొని దించుకొనుట వారు నేర్పినదే.

పోపులపెట్టెకు హద్దు గలదు. దానిలో గాదె పట్టదు. మా యూరి యంత్రమున మొత్తము గ్రంథరాశిలో కొంత భాగమే యిముడును. క్రొత్తది రావలెనన్న ఏదో యొకటి పోవలెను. చాలకాలముగా చేయి తగలనిది ముందు పోవును. పోయిన నష్టము లేదు. గాదెలో నున్నది గనుక మఱల తెచ్చుకొనవచ్చును. కాని ఇందొక కఠిన నియమము గలదు: గాదెకు ఇంకను చేరని వస్తువును పోపులపెట్టెనుండి తీసివేయరాదు. స్థలము చాలకున్న క్రొత్త ఫొటోలను “ఇప్పుడు పుచ్చుకొనలే” నని చెప్పవలెను గాని, పాతదానిని చడిచప్పుడు లేక పాఱవేయరాదు. కాదనుట మర్యాదకు లోటేమో గాని, నమ్మకమునకు లోటు కాదు.

చెంతనున్న ప్రతి పాతదై, గాదెలోనిది క్రొత్తదైన నేమగును? ఇదియు పెద్ద సందేహమే. దీనికి వేలిముద్ర పద్ధతి యొకటి గలదు. షా-256 అను లెక్క ప్రకారము ప్రతి దిమ్మెకును 64 అక్షరముల గుఱుతు కట్టుదుము. దిమ్మెలో ఒక చుక్క మాఱినను గుఱుతు పూర్తిగా మాఱిపోవును. ఆ గుఱుతే దిమ్మె పేరు. కావున ఒక పేరుగల దిమ్మె యెన్నటికిని పాతబడదు. మాఱినది వేఱు పేరుతో వేఱు దిమ్మె యగును. చెడిన దిమ్మె వచ్చిన, గుఱుతు సరిపడక వెంటనే పట్టుబడును. ఇక పాతబడగలది విషయసూచిక యొక్కటియే. దానిని మాత్రము క్షణక్షణము కనుగొనుచుండిన చాలును.

ఇద్దఱు ఒకేసారి ఒకే వివరపత్రమును దిద్దిన? హైదరాబాదునుండి యొకరు “ఈ సంతకము ఫలానివారిది” అని వ్రాసిరి. అదే సమయమున తీగ తెగియున్న మా యూర మఱియొకరు “కాదు, వారి తమ్మునిది” అని వ్రాసిరి. చివర వచ్చినదే నిజమని మొదటిదానిని చెఱుపుట కొన్ని ప్రోగ్రాముల పద్ధతి. నాకది సమ్మతము కాలేదు. కడపలో బ్రౌనుదొర పండితులను గూర్చుండబెట్టి వ్రాతప్రతులను పోల్చి చూపించునపుడు, భేదించిన పాఠములను గుర్తింపించెను గాని పాఱవేయింపలేదు. పాఠాంతరమును నిలుపుట మన పరిష్కర్తల ఆచారము. నా ప్రోగ్రాము గూడ రెంటిని నిలిపి, ప్రక్కప్రక్కను చూపి, నిర్ణయమును మనుష్యులకు విడిచిపెట్టును.

ఇప్పుడు మూడవ ప్రశ్నకు వచ్చితిమి. “దాచితిమి” అను మాట ఎప్పుడు పలుకవచ్చును?

చేరువ నిలువవలన వేగము వచ్చును. వేగమువలన భ్రమ వచ్చును. ఫొటో తీసి ఫోల్డరులో వేసిన మఱుక్షణమున అది అచ్చట కనబడును. వేసినవాడు “దాచితిని” అనుకొని, యింటికి పోయి కాగితమును మఱల అటకపై పడవేయును. కాని నిజమునకు ఆ ఫొటో యింకను మా యూరి యంత్రముననే యున్నది. ఒక్కొక్కప్పుడు డిస్కునకైన చేరక, యంత్రపు తాత్కాలిక జ్ఞాపకములో మాత్రమే యుండును. అది ఇసుకలో వ్రాసిన వ్రాత. కరెంటు పోయిన నిమిషమున మాయమగును. డిస్కుపై చేరిన పిమ్మట గంటముతో ఆకుపై వ్రాసిన వ్రాత యగును. అయినను ఆకు ఒక్కటియే; ఆ యిల్లు మునిగిన అదియు మునుగును. పది యూళ్లకు చేరిననే గాదెకు చేరినట్లు.

మన షాహుకార్ల లెక్కలలో చిట్టా వేఱు, ఆవర్జా వేఱు. దినదినము జరిగినది జరిగినట్లు ముందు చిట్టాకెక్కును. తరువాత పేరుపేరున ఆవర్జాకెక్కును. చిట్టాకెక్కని బేరము లేదు. ఆవర్జాకెక్కినదాక లెక్క ముగియదు. నా ప్రోగ్రామునకును ఇదే క్రమము నేర్పితిని. ఫొటో వచ్చినంతనే, ఏది వచ్చెను, దాని గుఱుతేమి, ఎచ్చటెచ్చటికి పోవలెను అని డిస్కుమీది చిట్టాలో వ్రాయును. ఆ వ్రాత నిజముగా డిస్కునకు దిగెనని రూఢి చేసికొనిన తరువాతనే “అందినది” అను మాట తెరపై కనబడును. ముక్కలు పోవుచున్నంతసేపు “పంపుచున్నాము” అని యుండును. పదిలో కనీసము ఏడు చోట్లనుండి రసీదులు వచ్చినగాని “దాచితిమి” అను మాట రాదు. మూడు ముక్కలు చాలునప్పుడు ఏడు రసీదులేల యందురా? మూటికి మూడే చేరిన, ఒక్కటి పోయినను అంతయు పోయినట్లే. ఏడు చేరిన నాలుగు పోయినను భయము లేదు. మూడు, ఏడు, పది అను ఈ లెక్క తాహో నిర్మాతలు ఏర్పఱచినదే.

దీనిని పరీక్షింప వలదా? యంత్రము పని చేయుచుండగా దాని కరెంటు తీగను బుద్ధిపూర్వకముగా ఊడబెరుకుచు పలుమాఱులు చూచితిమి. “అందినది” అను మాటకు ముందే ఊడబెరికిన, ఫొటో పోయినది. కాని యంత్రము దాని నందుకొంటినని యెవ్వరికిని చెప్పియుండలేదు. చిట్టాకెక్కిన తరువాత ఊడబెరికిన, మఱల కరెంటు రాగానే చిట్టా చదివికొని, మిగిలిన ముక్కలను తానే పంపినది. సగము పంపిన సమయమున ఊడబెరికిన, చేరినవానిని లెక్కించి, చేరనివానిని మాత్రము పంపినది. ఏ పరీక్షలోను “దాచితిమి” అని చెప్పినది లేకుండ పోలేదు. ఈ ప్రోగ్రాములో నాకు తృప్తినిచ్చునది వేగము కాదు, ఈ యొక్క మాట నిలుపుకొనుటయే.

చెఱిపివేతను గూర్చి యొక మాట. పది చోట్ల నిలువ దాచుటకెంత నమ్మకమో చెఱుపుటకును అంత నమ్మకము. పొరపాటున తీసివేసిన పొత్తమును పది యూళ్లును విధేయతతో తీసివేయును. కావున మేము తీసివేసినదానిని వెంటనే చెఱుపక, విషయసూచికనుండి మాత్రము తప్పించి, గడువు ముగియువఱకు ప్రక్కనుంచుచున్నాము. నిప్పునకు, నీటికి విరుగుడు వేఱు. తొందరపాటునకు విరుగుడు వేఱు.

ఆ పెద్దలు అడిగిన రెండవ ప్రశ్నను ఇప్పుడు చెప్పెదను. “నాయనా! అంతయు బాగుగనే యున్నది. నీవు లేని నాడు ఈ తాళము ఎవరు తీయుదురు?”

ఈ ప్రశ్నకు యంత్రములో జవాబు లేదు, ఊరిలో నున్నది. తాళపుచెవి నాయొక్కని యొద్దనే యున్న, పది యూళ్ల గాదెయు నా ప్రాణముతో ముడిపడిన గాదె యగును. అప్పుడు వికేంద్రీకరణ మనునది పేరునకే. 1979లో షమీరు అను గణితవేత్త, రహస్యమును పలువురికి పంచు నుపాయమును ప్రకటించెను. దాని ప్రకారము తాళపుచెవిని ఐదు భాగములు చేసి ఐదుగురి కిచ్చుటకు నిశ్చయించితిమి. ఏ మువ్వురు కలిసినను తాళము తీయవచ్చును. ఏ యిద్దఱును తీయలేరు. దేవాలయపు నగల పెట్టెకు పలువురు ధర్మకర్తలు తాళములు వేసి, అందఱు చేరినగాని తెఱువని కట్టుబాటు మన యూళ్లకు తెలిసినదే. కాని ఐదుగురిని ఏర్పఱచునది గణితము కాదు. ఒకే యింటివారైన ఐదుగురు ఒక్కరితో సమానము; ఒకే వయస్సువారైన కొన్నేండ్లకు అందఱును ఒకేసారి లేకుందురు. కావున ముగ్గురు పెద్దలును, ఇద్దఱు పడుచువారును, వేఱు వేఱు ఇండ్లనుండి యుండవలెనని నా మనవి.

మఱియొకటి గలదు. అద్దెకు నిలువ యిచ్చు వ్యవస్థలలో ఒప్పందమునకు గడువుండును. గడువు మీఱిన, రుసుము చెల్లింపకున్న, ముక్కలను నిలుపవలసిన బాధ్యత వారికుండదు. మన పది యిండ్ల ఏర్పాటులోను యంత్రములు చెడును, మనుష్యులు ఊళ్లు మాఱుదురు. ఒక చోటు తగ్గిన, మిగిలిన ముక్కలనుండి క్రొత్త ముక్కను చేసి క్రొత్త చోటునకు పంపవలెను. చెఱువునకు ఏటేట పూడిక తీసినట్లు, కట్టకు మట్టి వేసినట్లు ఇదియు నిత్యము చేయవలసిన పని. ఒకసారి దాచి మఱచిపోదగిన గాదె లోకమున లేదు.

కావున పెద్దలగు శ్రోతలకు నేను మూడు విన్నపములు చేసికొందును. మీ యూర ఇట్టి ఏర్పాటు చేయదలచినవారు వచ్చినప్పుడు, ఎంత వేగముగా తెఱచుకొనునని అడుగకుడు, “దాచితిమని మీ యంత్రము చెప్పునపుడు, అది ఎన్ని చోట్ల నుండును?” అని యడుగుడు. తాళపుచెవి ఎవరెవరి యొద్ద నుండునో, వారు ఒకరికొకరు ఏమగుదురో యడుగుడు. ఏడాదికొకమాఱు, విజయదశమినాడైనను సరే, క్రొత్త యంత్రమొకటి తెచ్చి, పాత యంత్రమును ముట్టుకొనక, ఆ మువ్వురు పెద్దల చేతులమీదుగా ఒక్క పొత్తమును పది యూళ్లనుండి రప్పించి, పుటపుటయు చదివించి చూడుడు. వచ్చిన, దాచినట్లు. రాకున్న, ఆ సంగతి అటకమీది కాగితము ఇంకను మిగిలియుండగనే తెలియును. దానిని మఱల ఫొటో తీయుటకు వ్యవధి యుండును.